పచ్చగా వచ్చిన ఎరుపు

మా నాయిన పీరప్ప తెర మీద ఎరుపు చూసి తలుపు తీశాడు. ఆ తీసిన చెయ్యి మళ్ళీ దేనినీ పట్టుకోలేదు. ఆ తెర మీద ఎరుపును దాని సరైన చోటికి తెచ్చింది నా భర్త గంగాధర్. తెచ్చింది మా నాయిన కోసమే.

ముందు నాయిన ఎట్లాంటి మనిషో చెప్పాలి. ఖటక్ చించోళిలో మాకు కొంచెం నల్లరేగడి ఉంది. కంది, జొన్న, వాన దయ తలిస్తే శనగ. ఆ నేల మా అందరినీ మోయలేనని చేతులెత్తేసిన ఏడాది నాయిన బీదర్ పక్క నౌబాద్ వచ్చి పప్పు మిల్లులో చేరాడు. "మన కంది ఎట్లాగూ అక్కడికే పోతుంది, దాని ఎనక నేను పోతున్న" అన్నాడట అమ్మతో. లెక్క మరాఠీలో పెట్టేవాడు, సంతకం కన్నడంలో చేసేవాడు, తిట్టు వస్తే ఉర్దూలో తిట్టేవాడు. మమ్మల్ని ముద్దు చెయ్యడానికి మాత్రం తెలుగు. ఏ లిపీ పూర్తిగా చదవలేడు. ఒంటికి ఎప్పుడూ ఉడికిన కంది వాసన ఉండేది. సందు మొదట్లో మోపెడ్ దిగితే పక్కింటి మేకలు ఇంటిదాకా వెంట వచ్చేవి. "నాకు మంత్రికంటె పెద్ద జులూస్ ఉన్నది సూడు నాగీ" అనేవాడు నాతో.

మిల్లులో ఆయన పని ఆవిరి డ్రమ్ముల దగ్గర. కంది పొట్టు సులువుగా ఊడడానికి రెండు పెద్ద ఇనప డ్రమ్ముల్లో పోసి ఆవిరి పట్టేవాళ్ళు. ఒకదాంట్లో ఆవిరి నిండుతుంటే ఇంకోదాన్ని ఖాళీ చేసేవాళ్ళు. డ్రమ్ము కింద తలుపు ఉంటుంది. ఆవిరి పూర్తిగా పోయాకే దాని గడియ తీయాలి. లోపల ఆవిరి ఉందో లేదో చూపించే ముల్లు డబ్బా ఒకటి ఉండేది గాని, అద్దం పగిలి, ముల్లు ఒక్కచోటే ఇరుక్కుపోయి ఏళ్ళయింది. మిల్లు యజమాని అంబాదాస్ సేఠ్ దాన్ని మార్పించలేదు. తెర ఉంది కదా అనేవాడు. తెర మీద రెండు డ్రమ్ముల బొమ్మలు ఉండేవి. ఆవిరి ఉంటే డ్రమ్ము ఎర్రగా, పోతే పచ్చగా. అక్కడ పనిచేసేవాళ్ళలో ఒకరికి కన్నడం, ఒకరికి తెలుగు, ఒకరికి హిందీ. చదువు లేనివాళ్ళే ఎక్కువ. అందరికీ తెలిసిన రాత ఆ రెండు రంగులే.

ఆ యంత్రాన్ని సేఠ్ ఎక్కడో మూతపడిన ఫ్యాక్టరీ నుంచి కంప్యూటర్‌తో సహా కొన్నాడు. కంప్యూటర్ చాలా పాతది, పరదేశంది. ఒక మృగశిర వానకు పిడుగు పడి దాంట్లో తెరకు బొమ్మ పంపే కార్డు కాలిపోయింది. అట్లాంటి కార్డు ఇప్పుడు ఎక్కడా దొరకదు. అప్పుడు గంగాధర్‌ను పిలిచారు.

గంగాధర్ మా మేనత్త రాచమ్మ కొడుకు. నాకు బావ, తరువాత భర్త. అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. బీదర్‌లో ఇంజనీరింగ్ చదివి, నౌబాద్‌లో ఒక రేకుల షెడ్డు తీసుకుని ఫ్యాక్టరీల ప్యానెళ్ళు బాగు చేసేవాడు. మామా అల్లుళ్ళ మధ్య వరసకు తగ్గ ఎగతాళి ఎప్పుడూ నడిచేది.

"ఏమల్లుడా, సచ్చిన డబ్బాలకు పానం పోస్తున్నవా?"

"పోస్తున్న మామా. నీ డ్రమ్ముల లెక్క నా డబ్బాలు కంపు కొట్టయి."

"కంపా? గా కంపు తోనే నీ పెళ్ళాన్ని పెంచిన బిడ్డా."

కొత్త కార్డు తెచ్చి పెట్టాడు గాని, పాత కంప్యూటర్‌కు దాని భాష తెలియదు. రెంటికీ మధ్య మాట చేరవేసే ప్రోగ్రాం రాయాలి. దాన్ని డ్రైవర్ అంటారని చెబితే నాయిన, "నాకు మోపెడ్ నేర్పినోడే డ్రైవర్ అనుకున్న, డబ్బాకు గూడ కావాల్నా" అన్నాడు. బావ కొన్ని వారాలు కూర్చుని రాశాడు. పెట్టిన రోజు తెర వెలిగింది. మిల్లంతా చప్పట్లు కొట్టింది. చప్పట్లు ఆగాక అందరూ దగ్గరికి వచ్చి చూశారు. ఆవిరి నిండిన డ్రమ్ము పచ్చగా ఉంది. ఖాళీ డ్రమ్ము ఎర్రగా ఉంది. నీళ్ళ గొట్టం నీలంగా ఉండాల్సింది నల్లబడింది. తెల్ల అక్షరాలు పసుపు పచ్చగా మెరుస్తున్నాయి.

ఆ సాయంత్రం బావ మా వంటింట్లో నాలుగు గిన్నెల సద్ది డబ్బా ముందు పెట్టుకుని మాకు అర్థమయ్యేట్టు చెప్పాడు. తెర మీద ప్రతి చుక్కకూ నాలుగు గిన్నెలు. పై గిన్నె ఖాళీ. రెండోది ఎరుపు, మూడోది పచ్చ, అడుగున నీలం. పాత కంప్యూటర్ పైనుంచి కిందికి సర్దుతుంది. కొత్త కార్డు కింది నుంచి పైకి విప్పుతుంది. ఇద్దరూ తమ వరకు తాము సరిగ్గానే చేస్తారు. కానీ విప్పినవాడికి ఎరుపు ఉండాల్సిన గిన్నెలో పచ్చ దొరుకుతుంది, పచ్చ గిన్నెలో ఎరుపు. నీలం పోయి ఖాళీ గిన్నెలో పడుతుంది, ఎవరూ దాన్ని ముట్టరు. నీలం చోట ఏమీ ఉండదు.

"అయితే డబ్బా తిరగేసి పెట్టు" అన్నది అమ్మ.

"అట్లనే పెట్టాలె అత్తా. కానీ అన్ని డబ్బాలు నాలుగు గిన్నెలవి కావు. అక్షరాలవి రెండు గిన్నెలవి. నాలుగింటిని ఒక్కసారి తిరగేస్తే బొమ్మ సరిగైతది, అక్షరాలు పక్కదాని మీద పక్కది ఎక్కుతయి. దేని డబ్బా దాన్నే తిరగెయ్యాలె. దానికి టైం కావాలె."

సేఠ్ టైం ఇవ్వలేదు. "తస్వీర్ వచ్చిందా లేదా? వచ్చింది. నడిపించు" అన్నాడు. పండగల ముందు పప్పుకు గిరాకీ ఉన్న రోజులు. ఒక్క పూట ఆపడు.

అట్లా ఆ తెర తప్పు రంగులతోనే నడిచింది. మనిషి దేనికైనా అలవాటు పడతాడు. నాయిన దసరాకు యంత్రాలకు రంగులు వేసి పూజ చేసేటప్పుడు, మిగిలిన పెయింటుతో డ్రమ్ముల పక్క గోడ మీద ఒక బొమ్మ వేశాడు. ఎర్ర చుక్క, దాని కింద తలుపు తీస్తున్న చెయ్యి. పచ్చ చుక్క, దాని కింద కొట్టేసిన చెయ్యి. దానికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, "ఇగ మనకు గిదే కాయిదా" అన్నాడు. అందరూ ఆ నియమం నేర్చుకున్నారు. అందరికంటే బాగా నేర్చుకున్నవాడు ఆయనే. ఒకరోజు బీదర్‌లో సిగ్నల్ దగ్గర పచ్చ దీపం పడగానే మోపెడ్ ఆపేశాడు. వెనక బండ్లన్నీ హారన్లు. పోలీసాయన వచ్చి, "ఏ యజమాన్రే, హసిరు బిద్దైతి, హోగ్రీ!" అని కసిరాడు. పచ్చ పడింది, పోవయ్యా అని. ఇంటికి వచ్చి ఆ కథ చెప్పి చెప్పి నవ్వాడు. మేమూ నవ్వాం. బావ నవ్వలేదు.

బావ భయం వేరే. కొత్తగా నథానియేల్ అనే అతను పనిలో చేరాడు. ఇద్దరు పిల్లల తండ్రి, నెమ్మదస్తుడు, చర్చిలో డోలక్ వాయించేవాడు. గోడ మీది బొమ్మ సంగతి ఎవరో చెప్పేలోపే, తెర పచ్చగా ఉంది కదా అని గడియ మీద చెయ్యి వేశాడు. నాయిన చూసి అరిచి వెనక్కి గుంజాడు. గడియ సగమే కదిలింది గాని, ఆ సందులోంచి చిమ్మిన ఆవిరికి నథానియేల్ మణికట్టు బొబ్బలెక్కింది.

ఆ రోజు నుంచి బావకు అదే ధ్యాస. షెడ్డులో వేరే పనులు పక్కన పడేసి, ఆ డ్రైవర్ మీదే కూర్చున్నాడు. ఒక గిన్నెల వరస సరి చేస్తే ఇంకోటి చెడేది. బొమ్మ కుదిరితే మౌస్ బాణం పచ్చబడేది. బాణం కుదిరితే అక్షరాలు ముక్కలయ్యేవి. ఒకసారి ఆయన రెండుచోట్ల తిరగేశాడు. రెండుసార్లు తిరిగిన డబ్బా మళ్ళీ మొదటిలాగే నిలబడింది. అది కనిపెట్టడానికి ఒక వారం పట్టింది. ఆ వారం ఇంట్లో ఎవరం ఆయనతో గట్టిగా మాట్లాడలేదు.

నాయిన వద్దన్నాడు. ఒకసారి కాదు, చాలాసార్లు.

"ఇడిసిపెట్టరాదు అల్లుడా. మా కండ్లు తిరిగినయి. ఇప్పుడు మళ్ళ తిప్పుమంటే ఎట్ల?"

"కొత్తోడు వస్తే ఎట్ల మామా? నథానియేల్ చెయ్యి సూసినవ్ గద."

"కొత్తోనికి బొమ్మ ఉన్నది. నేనున్న."

"నువ్వు లేని పూట?"

నాయిన బీడీ వెలిగించుకుని, "తప్పు కాయిదా పిల్లలకు నేర్పొద్దంటవ్. సరే. మంచిదే. సెయ్యి" అన్నాడు. ఒప్పుకున్నాక మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడు. ఆయన తీరే అంత.

దసరా పోతే మిల్లు ఆగేది ఎళ్ళ అమాస నాడే. ఆ రోజు మా దిక్కు ఎవ్వరూ పని చెయ్యరు. సజ్జ రొట్టెలు, అన్ని ఆకుకూరలూ గింజలూ కలిపి వండిన భజ్జి, అంబలి కట్టుకుని అందరూ తమ చేనికి పోతారు. జొన్న చొప్పతో చిన్న గుడిసె వేసి, అయిదు రాళ్ళు నిలబెట్టి పూజ చేసి, చేనంతా తిరిగి మెతుకులు చల్లి, అక్కడే తింటారు. భూమి కడుపుతో ఉందని నమ్మకం. మేం ఖటక్ చించోళి పోయాం. బావ మిల్లుకు పోయాడు. మధ్యాహ్నం దాటాక కంది చేను గట్టు మీద నడుస్తూ వచ్చాడు. ముఖం చూస్తేనే తెలిసింది.

"అయిందా?" అన్నాడు నాయిన.

"అయింది మామా. ఎరుపు ఎరుపే, పచ్చ పచ్చే. నీళ్ళ గొట్టం గూడ నీలంగొచ్చింది."

"అక్షరాలు?"

"తెల్లగ."

నాయిన లేచి తన చేత్తో రొట్టె మీద భజ్జి పెట్టి ఇచ్చాడు. "తిను బిడ్డా. మా కండ్లు మళ్ళ తిప్పుతున్నవ్, ఆకలైతది" అన్నాడు.

మరునాడు పొద్దున షిఫ్టు మొదలు కాకముందే ఆయనే గోడ మీది బొమ్మను గీకేశాడు. ఆ చోట సున్నం వేసి, రంగులు మార్చి మళ్ళీ గీశాడు. ఒక్కొక్కరినీ తెర ముందు నిలబెట్టి అడిగాడు. ఎర్రది ఏంది? ఆగుడు. పచ్చది ఏంది? తీసుడు. బావ కొన్ని రోజులు రోజూ పోయి పక్కన నిలబడ్డాడు. ఎవరూ తప్పు చెప్పలేదు. ఇంట్లో నాయిన చిన్నపిల్లాడిలాగా, "ఎర్ర ఆగు, పచ్చ తియ్" అని గొణుక్కుంటూ స్నానం చేసేవాడు. "గీ వయసుల నన్ను బడికి పంపిండు నీ మొగడు" అనేవాడు నాతో.

ఎవరూ ఏదీ మరచిపోలేదు. చెయ్యాల్సినవన్నీ చేశారు.

సంక్రాంతి దాటి కొన్నాళ్ళయింది. ఆ రోజు బసవకళ్యాణ్ వైపు నుంచి లారీలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మిల్లు గేటు బయట నిలబడ్డ డ్రైవర్లు అరుస్తున్నారు. కంది మోసే బెల్టు ఇరుక్కుంది. సేఠ్ మెట్ల మీంచి కేకలు వేస్తున్నాడు. నాయిన బెల్టు దగ్గర నుంచి డ్రమ్ము దగ్గరికి ఉరికి వచ్చాడు. తరువాత జరిగింది నాకు నథానియేల్ చెప్పాడు. మా గడపలో కూర్చుని, టోపీ చేతుల్లో నలుపుతూ చెప్పాడు.

"మామ తెర సూసిండక్కా. సూడకుండ తీసిండంటరు కొందరు. అబద్ధం. నేను పక్కనే ఉన్న. తల ఎత్తి సూసిండు. ఎర్రగ ఉండె. సూసి, నిమ్మళంగ గడియ తీసిండు. మామా అని ఒర్లిన. నాకు గుంజెతందుకు అందలే."

నాయిన తల కొత్త కాయిదా నేర్చుకుంది. తొందరలో చెయ్యి పాతదే చేసింది. నెలలకొద్దీ ఎరుపు చూసి తీసిన చెయ్యి అది.

బీదర్ దవాఖానలో ఆయన రెండు రోజులు బతికాడు. ముఖం, ఛాతీ, చేతులు దూదితో కప్పారు. రెండో రోజు బావ వంగి చెవి దగ్గర పెడితే మాట్లాడాడు.

"నీ రంగు సరిగనే ఉండెరా."

అదొక్కటే అన్నాడు. అల్లుడి మీద తప్పు పడకూడదని అన్నాడు. పడనివ్వొద్దనుకుని ఆయన చెప్పిన ఆ మాటే బావను తినేసింది. రంగు తప్పుగా ఉండి ఉంటే ఆయన బతికేవాడు. ఈ లెక్కను బావ ఎన్నిసార్లు వేసినా జవాబు అదే వచ్చింది.

దినాలు అయ్యాక ఒక మధ్యాహ్నం ఆయన నాకు ఒక సంగతి చెప్పాడు. ఈ పని చేసేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారట. వాళ్ళకూ ఈ గిన్నెల తిప్పలు ఎప్పటి నుంచో ఉన్నాయట. తప్పుగా వచ్చిన వరస మీద ఎందరి ప్రోగ్రాములో నడవడం మొదలుపెట్టాక, దాన్ని ఉన్నపళంగా సరిచేస్తే అవన్నీ కూలిపోతాయని వాళ్ళకు తెలుసు. అందుకని పాతది తప్పే అయినా పాత పేరుతో అట్లాగే ఉంచి, సరైనదానికి కొత్త పేరు పెట్టి పక్కన ఇస్తారు.

"నాకు ఎరికేనే నాగీ. చదివిన. మిషిన్ల ముచ్చట అనుకున్న" అన్నాడు. "మనుషులకు గూడ అంతే అనుకుంటే, పచ్చ ఎరుపు జోలికే పోకపోతుంటి. ఆవిరుంటే బొమ్మల పెద్ద గీతలు పెడుతుంటి. కొత్తది ఏదన్న. మామ చెయ్యికి ఎరిక లేనిది."

నాయిన పోయినందుకు ఎవరి మీదో ఒకరి మీద పడి ఏడవాలి. నా ఇంట్లో దానికి దొరికే మనిషి ఆయన ఒక్కడే. ఆయన మీద పడడానికి మనసు ఒప్పలేదు, పడకుండా ఉండడానికీ ఒప్పలేదు. అమ్మ రోజూ ఆయనకు అన్నం పెడుతుంది. "తిను గంగా" అంటుంది. "ఇంకింత పెట్టనా" అంటుంది. ఇదివరకు అల్లుడు ముద్ద ముద్దకూ ఎట్లా తింటున్నాడో చూస్తూ కూర్చునేది. ఇప్పుడు పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. ఆమెకు అది తెలియదనుకుంటాను. ఆయనకు తెలుసు.

మిల్లులో వాళ్ళు రెండుగా చీలారు. పాతవాళ్ళు రంగులు మళ్ళీ వెనక్కి తిప్పమన్నారు. కొత్తవాళ్ళు వద్దన్నారు. సేఠ్ ముల్లు డబ్బా కొత్తది పెట్టించాడు. పెట్టించి, తెర సంగతి వదిలేశాడు. పాతవాళ్ళు ఒక్కొక్కరే వేరే పనులకు పోయారు. నథానియేల్ ఉన్నాడు. గడియ తీసే ముందు అతను తెర చూడడట. ముల్లూ చూడడట. డ్రమ్ముకు చెవి ఆనించి నిలబడతాడట.

బావ షెడ్డు మూసేశాడు. ఒక ఎరువుల దుకాణంలో కూర్చుంటున్నాడు. బస్తాల లెక్క చెప్పమంటే చెబుతాడు, లేకపోతే లేదు.

పోయిన నెల రాచయ్య అనే ఆయన మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. బసవకళ్యాణ్ దగ్గర పప్పు మిల్లులో మిస్త్రీ. ఆ మిల్లు అంబాదాస్ సేఠ్ బావమరిదిది. వాళ్ళ దగ్గరా ఇట్లాంటి యంత్రమే, ఇట్లాంటి పాత కంప్యూటరే, దాంట్లో ఇట్లాంటి కొత్త కార్డే. బావ మొదట రాసిన డ్రైవర్‌ను, ఆ తప్పు రంగులదాన్ని, సేఠ్ ఎప్పుడో కాపీ చేసి పంపాడట. బావకు చెప్పనే లేదు.

"తెర మంచిగ నడుస్తుంది గంగాధరయ్యా" అన్నాడు రాచయ్య చాయ్ తాగుతూ. "ఎరుపూ పచ్చా తారుమారొస్తయి, అంతే. మావోళ్ళకు అలవాటైంది. మీరు దాన్ని సరిచేసిండ్రని ఇన్న. గది మాక్కూడ ఇస్తరా అని అడగ వచ్చిన."

బావ తల వంచుకుని అడిగాడు.

"ఎంతమంది ఉన్నరు డ్రమ్ముల కాడ?"

"నలుగురు. ముగ్గురు పాతోళ్ళు."

"ఆ ముగ్గురున్నంత కాలం దాని జోలికి పోకుండ్రి."

"మరి ఆ నాలుగోడు? నిన్న మొన్న వచ్చిండు. పచ్చ అంటే తియ్యుడే అనుకుంటుండు. నేను రోజు అరుసుడే."

బావ తల ఎత్తాడు. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. అమ్మ పొయ్యి దగ్గర నుంచి కదలలేదు గాని, చేతిలో గరిటె ఆగిపోయింది. గీతల సంగతి చెబుతాడేమో అనుకున్నాను. ముల్లు డబ్బా పెట్టించమని చెబుతాడేమో అనుకున్నాను. సరైనదంతా ఒకసారి చేసి చూసిన మనిషి ఆయన.

"నాతోని కాదు" అన్నాడు చివరికి.

"ఇంకెవరికి వస్తది మరి?" అన్నాడు రాచయ్య, ఎగతాళిగా కాదు, నిజంగానే అడుగుతూ.

బావ లేచి లోపలికి పోయాడు. నేను రాచయ్యకు ముల్లు డబ్బా సంగతి చెప్పాను. "మా సేఠ్ పెట్టియ్యడమ్మా, తెర ఉన్నది గద అంటడు" అన్నాడు. గ్లాసు కింద పెట్టి, చెప్పులు వేసుకుని, బస్సుకు టైమైందని వెళ్ళిపోయాడు.